దిబ్బవాడ కింద రాయి మాగింది

కృత్తిక కార్తె, సభ జరిగిన మర్నాడు

మీరు పిరికివాళ్ళు. ఏడుబండల ఊళ్ళో ఏడు వాడల వాళ్ళనూ కలిపే అంటున్నాను. నిన్న సభలో ఇంద్రసేన సారు మాట్లాడుతుంటే మీలో సగం మంది తలలు ఊగాయి. నేను చూశాను. ఆయన చెప్పేదాంట్లో ఏదో ఉందని మీకు అనిపించింది. అప్పుడు నేను లేచాను. "మనుషులకు అంటగట్టిన కులం చాల్లేదా, ఇప్పుడు రాళ్ళకు కూడా అంటగడతారా?" అన్నాను. అంతే, ఊగిన తలలు ఆగాయి, చేతులు లేచాయి. నా మాట నిజమని కాదు, నా నోటికి జడిసి.

ఊరి వాటాలు పంచే నేను, అంటే వాటాదారు, చిట్టా రాయాలనీ, అది ఏడు వాడల గోడపెట్టెల్లో వాటాదారు గొంతుతోనే వినపడాలనీ నియమం. కనుక ఇది మీరు కూర తరుగుతూనో కాళ్ళు కడుక్కుంటూనో వింటారు. వినండి. దేనికి చేతులెత్తారో మీకు గుర్తుండదు, మళ్ళీ చెబుతాను. పైబండవాడ బావుల్లో సరిపడా నీళ్ళు పడలేదు. వాళ్ళ కింది రాయి నీళ్ళు తాగేంత మాగలేదు. కాబట్టి రాయిని మాగబెట్టడానికి వాళ్ళ గుంతల్లో పోసే బూజు అంబలి రెట్టింపు చేయాలి. ఒక్క వాడకే పెంచితే సమవాటా చెడుతుంది కాబట్టి ఏడు వాడలకూ రెట్టింపు చేయాలి. ఇంద్రసేన అడ్డం చెప్పింది దీనికే. "దిబ్బవాడకు పెంచొద్దు, ఉన్నది కూడ తగ్గించాలె. అక్కడి రాయి వేరు" అన్నాడు. పైబండ మీద మిద్దె ఉన్న మనిషి, కింది వాడ వాటా తగ్గించమంటున్నాడు! నాకు ఒళ్ళు మండింది. మండాల్సిందే. ఆ మంటకు నేను క్షమాపణ చెప్పను.

కానీ ఈ పొద్దున ఒకటి జరిగింది.

ఎండ ముదిరిందని ఎండబూర మోగి అందరూ లోపలికి పోకముందే, దిబ్బవాడకు మోత చూడటానికి వెళ్ళాను. మోత చూడటం మీకందరికీ తెలిసిన పనే. గడ్డపారతో కొడితే పచ్చి రాయి ఖంగుమంటుంది, మాగిన రాయి మూగగా ఉంటుంది. ఈరమణి నాతో వచ్చింది. దిబ్బవాడ అంబలి జట్టుకు ఆమే పెద్ద. ఆమె ఇల్లు పెద్దగుండు కింద ఉంది. మూడు మిద్దెల ఎత్తున వాలు మీద కూర్చున్న ఆ గుండు నీడ పడని గోడ ఆ ఇంటికి లేదు. దాని దిగువనే వాడలో మిగతా ఇళ్ళన్నీ.

ఈరమణి ముందు గుండును కొట్టింది. గుట్ట దద్దరిల్లేలా మోగింది.

"ఇన్నవా అక్కా? నీ సారు మా రాయి వేరన్నడట. ఏరే మరి! పైబండోళ్ళ రాయి గిట్ల పాడుతదా?"

తర్వాత గుండు మొదట్లో నేల మీద కొట్టింది. చప్పుడు లేదు. గడ్డపార మూరెడు దిగి అక్కడే నిలబడింది. ఆమె దాన్ని వదిలేసి నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"అగో! బువ్వ లెక్క ఉడికింది."

నేనూ నవ్వాను. "దిబ్బవాడ, బాగా మాగింది" అని రాసుకున్నాను. అది అబద్ధం కాదు. ఇన్నేళ్ళుగా మనం కష్టపడింది దానికే: రాయి మొరమై, మొరం నీళ్ళు తాగి, బావి నిండడానికి. మరి ఇంటికొచ్చాక ఆ రాతను ఎందుకు మళ్ళీ తీసి చూశాను? గుండు మోగింది, నిజమే. అది కూర్చున్న చోటు మోగలేదు. ఆ సంగతి ఈరమణికి మొహం మీద చెప్పకుండా వచ్చేశాను. నిన్ననే కదా సభలో అంత గట్టిగా మాట్లాడింది.

కృత్తిక కార్తె, రెట్టింపు మొదలైన రోజు

కాగుల ఇంట్లో పొద్దున్నించీ బూజు అంబలి పులుస్తూనే ఉంది. కంపు. ఆ కంపుకు మనం ఎంత అలవాటు పడ్డామంటే, కొత్తగా పెళ్ళయి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే మనకు కోపం వస్తుంది. రావాలి కూడా. కింద మైదానంలో చెరువులింకి, ఎండ మనుషుల్ని చంపడం మొదలుపెట్టాక మన పెద్దవాళ్ళు గుట్టెక్కారు. గుట్ట మీద గాలి ఉంది, నీళ్ళు లేవు. బండ నీళ్ళు దాచుకోదు. వానా ఎండా చెట్ల వేళ్ళూ కలిసి లక్షల ఏళ్ళకు చేసే పనిని ఈ బూజు మూడు నాలుగు వానాకాలాల్లో చేస్తుంది. రాయిలో మెరిసే పలుకులను మాత్రం వదిలేసి, మిగతాదాన్ని తిని, బంకమన్నూ మొరమూ చేస్తుంది. మనం ఈ ఊళ్ళో బతికి ఉన్నాం అంటే ఆ కంపు వల్లే.

రెట్టింపు కడవలు మోశాం. నేనూ మోశాను. వాటాదారు మొయ్యకూడదని ఎక్కడా లేదు. పైబండవాడ గుంతల్లో పోస్తే మధ్యాహ్నం దాకా అంబలి పళ్ళెంలో పాలలాగ నిలబడింది. ఎండబూర రెండోసారి మోగి మళ్ళీ బయటికొచ్చేసరికి గుంతలు ఖాళీ. పైబండవాళ్ళు చప్పట్లు కొట్టారు. "తాగింది! మా బండ తాగింది!" అని ఒకావిడ నా బుగ్గలు పుణికింది.

నేను గర్వపడ్డాను. అదీ రాస్తున్నాను.

దిబ్బవాడ వంతు సాయంత్రం. అక్కడికి దిగేసరికి ఈరమణి బావి గట్టు మీద చేద పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పెనిమిటి సాయిలు చేద వాసన చూస్తున్నాడు. సాయిలు మాట తక్కువ మనిషి. ఏం చెప్పినా తలూపి, చెప్పిన పని చేసి వచ్చి, అయిపోయిందని కూడా చెప్పడు.

"అక్కా, మేమింక పొయ్యనేలేదు" అంది ఈరమణి. "బాయి అంబలి వాసనొస్తున్నది. ఎవ్వలు పోసిండ్రు?"

నేను పైకి చూశాను. పైబండ నున్నగా, ఎక్కడా గీత లేకుండా, మునిమాపు వెలుగులో మెరుస్తోంది. అది తాగలేదు. జార్చింది. వాళ్ళ వాటా వాళ్ళ రాయిలో ఇంకక, పొర కింద పొర జారి, సాయంత్రం అయ్యేసరికి దిబ్బవాడ నేలలోకి వచ్చి చేరింది. ఇది ఈ రోజు మొదలైంది కాదు. ఇన్నేళ్ళుగా దిబ్బవాడ తన వాటా తాగుతూ, దాని మీద పైవాళ్ళ వాటా కూడా తాగింది. నేను సమానంగా కొలిచాను. సమానంగా పోశాను. గుట్ట మాత్రం సమానంగా పంచలేదు.

"పైబండది అయ్యుంటుంది" అన్నాను.

"అయితె మంచిదే గద! వాళ్ళది మనకొస్తున్నదంటే నాకు ఇయ్యాలనే తెలిసె" అని ఈరమణి నవ్వింది. సాయిలు నవ్వలేదు. నా మొహం చూశాడు.

రోహిణి కార్తె, మొదట్లో

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. నిన్న ఎండకు పెద్దగుండు నుంచి తలుపంత పెచ్చు ఊడి ఈరమణి వాకిట్లో పడింది. ఎవరికీ తగల్లేదు. దాన్ని నిలబెట్టి బట్టలుతికే బండ చేసుకున్నారు. అంత ధైర్యం ఆ వాడకు. ఆ ధైర్యంలో సగం నేను నేర్పిందే. ఇన్నాళ్ళూ దానికి సంతోషించాను.

ఈ పొద్దున ఇంద్రసేన సారు ఇంటికి పోయాను. ఆయన వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు, నేనొస్తానని తెలిసినట్టు.

"రాండ్రి సక్కుబాయమ్మా. ఏంది, రాళ్ళ కులాలు తెలుసుకోనీకె వచ్చిండ్రా?"

"వెటకారం అయ్యాక పని చెప్పండి సారూ. ఎండబూర మోగుతుంది."

"నా ఎటకారం అయిపోవాలంటే ఎండకాలం అయిపోవాలె" అని కర్ర అందుకుని లేచాడు.

ఆయన ఒకప్పుడు దేశమంతా తిరిగి నేల కొలిచినవాడు. తెలివి ఉంది, ఆ తెలివి మీద అంతకన్నా పెద్ద పొగరు ఉంది. నన్ను గుట్ట వెనక పాతకాలం రోడ్డు దగ్గరికి తీసుకుపోయాడు. ఎప్పుడో గుట్టను నిలువునా కోసి వేసిన రోడ్డు అది. కోసిన గోడలో నేల లోపలంతా కనిపిస్తుంది. పైన ఎర్రమట్టి, దాని కింద గోధుమరంగు మొరం, మొరంలో అక్కడక్కడా గంపలో గుడ్లలాగ గుండ్రటి రాళ్ళు, అడుగున పగుళ్ళ బండ.

"గుట్ట మీద గుండ్లు ఎవడో రాక్షసుడు పేర్చిండనుకుంటరు మనోళ్ళు" అన్నాడు ఆయన. "ఎవడు పేర్చలే. గిట్ల నేలల్నే తయారైతయి. రాయి పుట్టినంక పగుళ్ళు పడ్డయి, అడ్డం, నిలువు, పెట్టెలు పేర్చినట్టు. నీళ్ళు ఆ పగుళ్ళల్ల తిరుగుతయి. పెట్టె మూలకు మూడు దిక్కుల కెళ్ళి దెబ్బ. అంచుకు రెండు దిక్కులు. నడిమికి ఒక్కటే. గందుకే మూలలు ముందు పోతయి. మిగిలింది గుండు. చుట్టున్న మొరం వానకు కొట్టుకపోయినంక బయటపడుతది."

"పైబండలో పగుళ్ళు లేవా?"

"నిలువు పగుళ్ళు లేవు. అది ఉల్లిగడ్డ. పొర మీద పొర. మీరు పోసిన అంబలి పొరల నడుమ జారి పోతది. దిబ్బవాడ కింద పగుళ్ళు దగ్గర దగ్గర. అక్కడ మీ బూజుకు పండుగ." కర్రతో మొరంలో ఒక రాయి కింద గుచ్చాడు. కర్ర దిగింది. "పెద్దగుండు లోపల పచ్చి రాయే. మోగుతది. కొట్టి కొట్టి అది మోగిందని సంబరపడుతరు మీరు. దాని పీట మాగిపోయింది. పొడిగున్నన్ని రోజులు మొరం పట్టుకుంటది. తడిసిందా, పట్టిడుస్తది."

మూలకు మూడు దిక్కుల నుంచి దెబ్బ. ఈ మాట నాకు రాయి చెప్పాలా? ఊరి మూలన ఉన్నవాళ్ళ మీద ఎన్ని దిక్కుల నుంచి దెబ్బ పడుతుందో ముప్పై ఏళ్ళుగా అరిచి చెప్పింది నేను కాదా? అందరి మీదా ఒకే దెబ్బ వేస్తే మూలే ముందు పోతుందని మనుషుల విషయంలో నాకు తెలుసు. రాయి దగ్గరకొచ్చేసరికి ఆ తెలివినే అవతలివాడి కుట్ర అన్నాను.

కానీ ఊరికే ఒప్పుకోవడం నా వల్ల కాదు.

"నిజం చెప్పండి సారూ. మీరు సభలో లేచింది దిబ్బవాడ మీద ప్రేమతోనా? వాళ్ళకు తగ్గించిన అంబలి మీ వాడకు రావాలనేగా?"

"అవును" అన్నాడు, కొంచెం కూడా సిగ్గు లేకుండా. "నాకు నీళ్ళు గావాలె. నేను పాపాత్ముణ్ణే అనుకోండ్రి. అయితే రాయి మారుతదా?"

ఎండబూర మోగితే బతికిపోయాను.

రోహిణి కార్తె, మధ్యలో

దిబ్బవాడకు పోయి చెప్పాను. అంబలి ఆపాలి, వానలు పడేలోపు వాడ ఖాళీ చెయ్యాలి అన్నాను. ఆడవాళ్ళంతా ఉతుకుడు బండ చుట్టూ చేరారు. ఈరమణి చేతులు తుడుచుకుని వచ్చింది.

"అందరికి ఆపుతున్నరా, మాకేనా?"

"ముందు మీకు."

"ముందు మాకు!" అని చుట్టూ చూసింది. "ఇన్నరా? అక్క చెప్తున్నది, ముందు మనకట. ఇచ్చేటప్పుడు సివరికి, ఆపేటప్పుడు ముందు."

అందరూ నవ్వారు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని. మాట అంత బాగుంది.

"ఈరమణీ, పెద్దగుండు కింద నేల ఉడికిపోయింది. గడ్డపార దిగింది నువ్వే చూశావు."

"చూసిన. నువ్వూ చూసినవ్. నవ్వినవ్ గద అక్కా. గప్పుడే నా మొకం మీద ఎందుకు చెప్పలే?"

నేను మళ్ళీ గుండు మొదలు వైపు చెయ్యి చూపించాను.

"ఇంద్రసేన చెప్పిండనేనా?" అందామె, గొంతు తగ్గించి. "నిజం చెప్పు. ఆయన ఇంటికి పోయిన ముచ్చట పెట్టెల ఇన్న. వాటా అంటే భిక్షం కాదు, ఒక్కనాడు ఇడిస్తే మల్ల రాదు అని నాకు చెప్పిందెవ్వలు? నువ్వే. వాడు రాయి పేరు చెప్పినా, దేవుడి పేరు చెప్పినా, సదువు పేరు చెప్పినా ఇడువొద్దంటివి. ఇడుస్తలేను. పో."

పొమ్మంది. పదిహేనేళ్ళ స్నేహం, ఒక్క మాట. ఆమె తప్పు మాట్లాడలేదు. నా మాటలే నాకు అప్పజెప్పింది. అక్షరం పొల్లు పోలేదు.

వాడ దాటుతుంటే సాయిలు వెనక వచ్చాడు. "వానకు ముందు ఏం జెయ్యాలె?" అని మాత్రం అడిగాడు. గుండు మొదట్లో ఉన్న అంబలి గుంతల్లో నీళ్ళు నిలవకుండా చూడాలన్నాను. వాన పడితే ముందు వాటిని తోడెయ్యాలన్నాను. ఇంద్రసేన ఆ మాట అనలేదు. రోడ్డు గోడ దగ్గర విన్న నాలుగు ముక్కల్లోంచి నేనే అల్లాను. తడిస్తే చెడుతుంది కాబట్టి తడవకుండా చూస్తే చాలు అనుకున్నాను. సాయిలు తలూపాడు.

రోహిణి కార్తె, చివరి సభ

సభలో లేచి నా మాట వెనక్కి తీసుకున్నాను. రాళ్ళు ఒక్కటి కావన్నాను. సమానంగా పోయడం తప్పన్నాను. ఎవరి కింద ఏ రాయి ఉందో చూసి పోయాలన్నాను.

"రాళ్ళకు కులం అంటగడుతున్నవా సక్కుబాయక్కా?" అని మధ్యవాడ నుంచి ఎవరో అరిచారు. ఎంత నవ్వు! మీ నవ్వే, మీకు గుర్తుంటుంది. అరిచినతన్ని తప్పు పట్టను. ఆ మాట చేసి ఇచ్చింది నేనే.

అంబలి ఏడు వాడలకూ ఆపడానికి ఒప్పుకున్నారు, గొణుక్కుంటూ. తర్వాత దిబ్బవాడ వాళ్ళను పైబండకు మార్చే మాట. ఒక వాడ స్థలంలో ఇంకో వాడ ఇల్లు కట్టకూడదని నియమం ఉంది. కింది వాడల నేల పైవాళ్ళు మింగకూడదని పెట్టుకున్న నియమం. ఇవాళ అదే పైవాళ్ళకు గోడ అయింది. ఇంద్రసేన లేచి, వానలు తగ్గేదాకా పైబండ అరుగుల మీద ఉండొచ్చన్నాడు. ఇల్లు కట్టొద్దు, బావి తోడొద్దు, వాన తగ్గినంక దిగాలె అన్నాడు. తన అరుగు ముందు ఇస్తానన్నాడు. పైబండవాళ్ళు చప్పట్లు కొట్టారు, తమ మంచితనానికి తామే.

ఈరమణి లేచింది.

"ఎవ్వల అరుగుల మీద?" అంది. "మా నాయనమ్మను దిగమన్న అరుగుల మీదనా? ఇల్లు గట్టొద్దు, బాయి ముట్టొద్దు. గివన్ని మాకు కొత్తగ చెప్తున్నరా సారూ? జాగ ఇయ్యుండ్రి, నీళ్ళల్ల వాటా ఇయ్యుండ్రి, రేపే ఎక్కుతం. అరుగిస్తమంటే మా గుండు కిందనే ఉంటం. అది మమ్ముల ఎన్నడు దిగు అనలే."

నేను ఆమె పక్కన లేవాలి. నియమం ఇప్పుడే మార్చాలని పట్టుబట్టాలి. నోరు తెరిచాను. మీరు మళ్ళీ నవ్వుతారని జంకాను. "వచ్చే సభలో చూద్దాం" అన్నాను. ఎప్పుడూ తగ్గని నోరు అవసరమైన ఆ ఒక్క పూట తగ్గింది. మీలో ఒక్కరూ అడగలేదు, వాన వచ్చే సభ దాకా ఆగుతుందా అని.

మృగశిర కార్తె, మొదటి వాన

మధ్యాహ్నం మబ్బు పట్టింది. మామూలుగా అయితే ఊరంతా మిద్దెలెక్కి గంతులేస్తుంది. ఇవాళ కూడా వేసింది. పిల్లలు నాలుకలు చాపి నిలబడ్డారు. నేను దిబ్బవాడకు పరిగెత్తాను.

ఈరమణి నాకన్నా ముందే పనిలో ఉంది. ముసలివాళ్ళను వీపు మీద, మంచాల మీద తెస్తోంది. పంతం సభలో చూపించింది గానీ వాన చూశాక ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదింది. నన్ను చూసి "ఎటు తీస్కపోవాలె వీళ్ళను? అరుగులకేనా?" అని అరిచింది. నేను మాట్లాడకుండా ఒక మంచం కోడు పట్టుకున్నాను.

గుండ్లు దొర్లుతాయని అనుకుంటాం. దొర్లలేదు. ముందు బావిలో నీళ్ళు ఎర్రగా తిరిగాయి. తర్వాత ఉతుకుడు బండ పక్కకు ఒరిగింది, ఎవరూ తాకకుండానే. వాలు మీద గడ్డి గడ్డిగానే కిందికి నడవడం మొదలుపెట్టింది. మొరం ఊట కట్టి, జావలాగ పలచబడి, ఇళ్ళ సందుల్లోంచి వచ్చింది. దాని మీద పెద్దగుండు, తిరగకుండా, ఒరగకుండా, కూర్చున్నది కూర్చున్నట్టే దిగింది. ఏ తొందరా లేదు దానికి. ఈరమణి ఇల్లు, దాని పక్క రెండిళ్ళు, బావి. అక్కడ ఆగింది.

ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. అందరూ వచ్చేశారనుకుని, లెక్క పెట్టకుండానే కూలబడ్డాను.

"సాయిలేడి?" అంది ఈరమణి.

చివరింటి ముసలమ్మ చెప్పింది. "వాన మొదలుగాంగనే బకీట్ తీస్కొని గుండు మొదట్లకు పోయిండు బిడ్డా. గుంతలు తోడాలె, అక్క చెప్పింది అన్నడు."

ఈ ఊళ్ళో ఇంతకాలం నేను అరిచాను. నా నోటికి భయపడినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు, చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. నేను చెప్పిన పనిని చెప్పినట్టు చేసినవాడు సాయిలు ఒక్కడే. ఆ పని తప్పు. తోడినా గుండు ఆగేది కాదు. కొండంత నేల తడుస్తుంటే బకెట్ ఏం చేస్తుంది? నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పాను. ఇంద్రసేన పొగరు గురించి మీకు ఎన్ని చెప్పాను!

మృగశిర కార్తె, వాన తెరిపి ఇచ్చిన పొద్దున

దిబ్బవాడ మొత్తం పైబండ మీద, ఆకాశం కింద ఉంది. అరుగుల మీద కాదు. ఈరమణి అరుగు ఎక్కనివ్వలేదు. నున్నటి బండ మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. పైబండవాళ్ళు గంజి తెచ్చారు. ఇంద్రసేన తన కడవ తానే మోసుకొచ్చి ఈరమణి ముందు నిలబడ్డాడు. "గీడ పెట్టి పోండ్రి సారూ" అందామె.

నేను ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏడువకు" అంది, నా వైపు చూడకుండా. "నువ్వు ఏడిస్తె అందరు నీ దిక్కే చూస్తరు. సాయిలు దిక్కు ఎవ్వలు చూడరు. నీ చిట్టా మోగుతది గద పెట్టెలల్ల? అండ్ల నీ బాధ పెట్టకు. ఏం గావాలనో పెట్టు. నేను చెప్త."

"నీకు నా మీద..."

"ఉన్నది. అది నాకు, నీకు. ఊరికి చెప్పే ముచ్చట కాదది. రాస్కో."

ఆమె చెప్పింది. భాష నాది, మాట ఆమెది. ఒకచోట నేను వాదన చేర్చబోతే "వద్దు, కోరిక మట్టుకే" అంది. చివరిది చివరనే ఉండాలని పట్టుబట్టింది. జనానికి చివర విన్నదే మతికుంటుందని.

దిబ్బవాడ కోరికలు:

ఒక వాడలో ఇంకో వాడ ఇల్లు కట్టకూడదన్న నియమం ఇవాళ్టి నుంచి ఈ వాడకు వర్తించకూడదు. పైబండ మీద మాకు జాగ కావాలి. అరుగు వద్దు.

పైబండ బావుల్లో నీళ్ళు చాలవు కాబట్టి, ఇళ్ళు లేచేదాకా మిగతా ఐదు వాడల బావుల నుంచి మాకు నీళ్ళు రావాలి. మేము వచ్చి అడగం. తెచ్చి పోయాలి.

ఏ వాడ కింద ఏ రాయి ఉందో, పగుళ్ళు ఎటు పోతున్నాయో, జారిన నీళ్ళు ఎక్కడ తేలుతున్నాయో తవ్వి చూడకుండా ఒక్క కడవ అంబలి కూడా ఎవరూ పోయకూడదు. ఆ తవ్వకంలో ఇంద్రసేన సారు ఉండాలి. ఆయన ఒక్కడే ఉండకూడదు.

గుండును కొట్టి చూడటం ఆపాలి. దాని కింది నేలను చూడాలి. మధ్యవాడ పైన ఇంకా నాలుగు గుండ్లు ఉన్నాయి. వాటి కింద ఉన్నవాళ్ళు ఈ పూటే లేవాలి.

వాటాదారు సక్కుబాయి పదవి దిగాలి. దిగి ఊరు విడిచి పోకూడదు. తవ్వకంలో పని చెయ్యాలి.

సాయిలు ఇంకా గుండు కిందే ఉన్నాడు. పారలు, గడ్డపారలు, మోకులు తీసుకుని రండి. వాడకు ఇంతమంది అని లెక్క పెట్టుకుని, పంచుకుని రాకండి. ఎంతమంది ఉంటే అంతమందీ రండి. ఇప్పుడే.